మాట పోయిన మనుషులూ, మెదడు మీద పాత పుస్తకాలూ

ప్రశ్న: నేను సైన్స్ చదువుకున్నవాణ్ణి కాదు, చేసేది లెక్కలు చూసే ఉద్యోగం. కొంతకాలంగా మెదడు గురించి, మనసు గురించి చదవాలని పట్టుదల పుట్టింది. మొదలు దగ్గర్నుంచే చదవాలనుకుని అమెరికా మనోవిజ్ఞాని విలియం జేమ్స్ ‘ప్రిన్సిపుల్స్ ఆఫ్ సైకాలజీ’ రెండు సంపుటాలూ, ఫ్రాయిడ్ కలల పుస్తకమూ కొన్నాను. జేమ్స్ డెబ్భయ్యో పేజీ దగ్గర ఆగిపోయాడు. ఫ్రాయిడ్‌ని ఇంకా తెరవనే లేదు. నా మిత్రుడొకడు ‘పాత సైన్స్ పుస్తకం చదవడమంటే పోయినేడాది టైంటేబుల్ పట్టుకుని రైలు కోసం నిలబడ్డమే’ అని ఎగతాళి చేస్తున్నాడు. వాడన్నది నిజమేనా? చదవాలంటే ఏవి చదవాలి, ఏ వరసలో చదవాలి? ఇంకో మాట. నాన్నగారికి స్ట్రోక్ వచ్చి మాట పోయింది. ఈ ఆసక్తి అప్పుడే మొదలైంది. మేం చెప్పేది ఆయనకు అర్థమవుతోందనే అనిపిస్తుంది, కానీ జవాబు రాదు. కోపం వస్తే మాత్రం ఒక తిట్టు గడగడా వచ్చేస్తుంది. అది విన్నప్పుడల్లా అమ్మ ‘ఈయన కావాలనే మాట్లాడట్లేదు’ అని కుమిలిపోతోంది. ఆ పుస్తకాల్లో దీని గురించి ఏమైనా ఉంటుందా?
– ఒక పాఠకుడు

జవాబు: ‘ఇంకో మాట’ అంటూ చివర్లో రాశారే, మీ అసలు ప్రశ్న అదే. కాబట్టి అక్కడే మొదలుపెడదాం. జేమ్స్ ఎక్కడికీ పోడు, కాసేపు బల్ల మీదే ఉండనివ్వండి. మీ నాన్నగారి నోట వచ్చే తిట్టులాంటిదాన్ని 1861లోనే ఒక సర్జన్ విన్నాడు, విన్నది విన్నట్టు రాసిపెట్టాడు.

ఆయన పేరు పాల్ బ్రోకా. పారిస్ దగ్గర బిసేత్ర్ ఆస్పత్రిలో పనిచేసేవాడు. ఆ ఏడాది ఏప్రిల్‌లో లెబోర్న్ అనే 51 ఏళ్ల రోగిని ఆయన వార్డుకి మార్చారు. కుడికాలికి గాంగ్రీన్ పట్టింది. ఆ మనిషి అప్పటికే 21 ఏళ్లుగా అదే ఆస్పత్రిలో పడి ఉన్నాడు. ఏం అడిగినా ‘టాన్, టాన్’ అనేవాడు, ఎడమచేత్తో రకరకాలుగా సైగలు చేసేవాడు. దాంతో అందరూ అతన్ని టాన్ అనే పిలిచేవారు. ఇతనికి చెప్పింది ఎంతవరకు అర్థమవుతోందో తేల్చుకుందామని బ్రోకా చిన్న చిన్న ప్రశ్నలు వేశాడు. ‘ఇక్కడికొచ్చి ఎన్నేళ్లయింది?’ అంటే టాన్ ఎడమచెయ్యి నాలుగుసార్లు విప్పి, ఆపైన ఒక్క వేలు చూపించాడు. నాలుగైదులు ఇరవై, పైన ఒకటి. సరిగ్గా ఇరవై ఒకటి. మర్నాడు మళ్లీ అడిగితే మళ్లీ అదే జవాబు. మూడోసారి అడిగేసరికి తనకు పరీక్ష పెడుతున్నారని అతనికి అర్థమైపోయింది. ఒళ్లు మండింది. అప్పుడు నోట్లోంచి వచ్చింది టాన్ కాదు, దేవుడి పేరు తగిలించి పెట్టే ఒక ఫ్రెంచ్ తిట్టు. అక్షరం పొల్లుపోలేదు.

ఆ వ్యాసంలో ఇంకో వాక్యం ఉంది, అది మీ ఇంటి సంగతికి మరీ దగ్గర. తోటి రోగులకు టాన్ అంటే గిట్టేది కాదట. స్వార్థపరుడనీ, పగబట్టే మనిషనీ అనేవారు, దొంగతనాలు కూడా అంటగట్టేవారు. ఇరవై ఏళ్లు పక్కపక్కనే బతికినవాళ్లకే అతని మౌనం పొగరులా కనిపించింది. మీ అమ్మగారిని తప్పుపట్టడానికేముంది?

లెబోర్న్ ఏప్రిల్ 17న చనిపోయాడు. మర్నాడే బ్రోకా అతని మెదడుని పారిస్‌లో ఆంత్రోపాలజీ సొసైటీ సమావేశానికి తీసుకెళ్లి చూపించాడు. ఎడమవైపు ముందుభాగంలో కణజాలం మెత్తబడి పాడైపోయింది. ఆ తర్వాత కొన్ని నెలలకే అలాంటి రోగే ఇంకొకడు, లెలాంగ్ అనే 84 ఏళ్ల మనిషి, తగిలాడు. అతనికి మిగిలినవి నాలుగైదు మాటలు మాత్రమే. దెబ్బ మళ్లీ దాదాపు అక్కడే. మాటకి మెదడులో ఒక చోటుందని వైద్యులు గట్టిగా నమ్మడం మొదలైంది ఇక్కడే.

తిట్టు ఎందుకు మిగిలిపోయిందన్నది బ్రోకా తేల్చలేదు. దాని వెంటపడింది లండన్ డాక్టరు జాన్ హ్యూలింగ్స్ జాక్సన్. 1878లో ‘బ్రెయిన్’ అనే వైద్యపత్రిక మొదలైంది. అందులో ఆయన విడతలు విడతలుగా రాసిన వ్యాసాలున్నాయి. జాక్సన్ చెప్పేదేమిటంటే, మాట రెండు రకాలు. ఒకటి, చెప్పదలచుకున్నదాన్ని అప్పటికప్పుడు వాక్యంగా కూర్చి చెప్పేది. రెండోది, దానంతటదే తన్నుకొచ్చేది: తిట్లు, అలవాటైన పలకరింపులు, కంఠతా వచ్చిన ప్రార్థనలు, ఒకటి రెండు మూడు అంటూ లెక్కపెట్టడం. మెదడు ఎడమవైపు దెబ్బతింటే మొదటిది పోయి రెండోది మిగిలిపోవచ్చు. తిట్టు వచ్చింది కదా అని, ‘మంచినీళ్లు కావాలి’ అనే మాట కూడా రావాలని లేదు. ఆ రెండూ ఒకే దారిలో వచ్చేవి కావు. కోపంలో ఆ తిట్టు నోటికొచ్చిన మనిషిని అరక్షణం తర్వాత ‘మళ్లీ అనండి’ అంటే అనలేకపోవచ్చు. మీ నాన్నగారిని అలా అడిగి చూడమని నేను చెప్పడం లేదు. ఈ ఒక్క ముక్క అమ్మగారికి చెప్పండి చాలు.

జాక్సన్ రోగుల్లో ఒకడు రైల్వే సిగ్నల్‌మన్. తన సిగ్నల్ గది ఎదుట పట్టాల మీదే జబ్బు వచ్చి పడిపోయాడు. అప్పట్నుంచి అతని నోట ‘నా దగ్గరికి రండి’ అన్న అర్థమొచ్చే మాట ఒక్కటే వచ్చేది. ఇంకొకతను రోజుల తరబడి కేటలాగు తయారుచేస్తూ కూలబడ్డాడు. అతనికి మిగిలింది ‘జాబితా పూర్తయింది’ అన్న మాట. దెబ్బ తగిలే క్షణంలో నోటిదాకా వచ్చిన మాటే అలా అతుక్కుపోయిందేమోనని జాక్సన్ ఊహ. ఆ ఊహ నిజమో కాదో పక్కన పెట్టండి. ఆ ఇద్దరు మనుషులూ నిజం. మొత్తానికి జాక్సన్ వాక్యం చదవడం నరకం, ముందే చెబుతున్నా. ఒక్కో పేరా రెండుసార్లు చదవాల్సి వస్తుంది. అయినా వదలకండి.

పుస్తకాల సంగతికి వెళ్లేలోపు నాన్నగారి గురించి ఒకటి రెండు విషయాలు. ఈ పరిస్థితిని అఫేజియా అంటారు. మాట పోవడమంటే తెలివి పోవడం కాదు. చిన్న చిన్న వాక్యాలతో మాట్లాడండి, టీవీ కట్టేసి మాట్లాడండి. అవును, కాదు అని తల ఊపితే సరిపోయేలా అడగండి. జవాబు కోసం ఆగండి. ఆయన నోట్లో మాట మీరు పూర్తి చెయ్యకండి. ముఖ్యంగా, మీకు జవాబు తెలిసిన ప్రశ్నలు పదేపదే అడిగి పరీక్ష పెట్టొద్దు, మూడోసారికి టాన్‌కి ఏమైందో చూశారుగా. ఇంకా మొదలుపెట్టకపోతే స్పీచ్ థెరపిస్ట్‌ని కలవండి, ‘ఇప్పటికే ఆలస్యమైంది’ అనుకుని మానెయ్యకండి. మాట రాకపోయినా పాట రావచ్చు. స్ట్రోక్ తర్వాత మాట్లాడలేని ఒక మనిషి కీర్తనలు పాడగలుగుతున్నాడని స్వీడన్‌లో ఓలోఫ్ డాలిన్ 1745లోనే రాశాడు. 1973లో అమెరికా థెరపిస్టులు ఇలాంటి గమనికల ఆధారంగానే రాగం కట్టి మాట పలికించే ఒక పద్ధతి తయారుచేశారు. అందరికీ పనిచేస్తుందని చెప్పలేం, మీ థెరపిస్ట్‌ని అడిగి చూడండి. పాత పుస్తకం చదివి మీ అంతట మీరు వైద్యం మొదలుపెట్టొద్దని వేరే చెప్పక్కర్లేదు కదా.

ఇక మీ మిత్రుడి మాట. అది సగం నిజం. పాత పుస్తకంలో రెండు రకాల సరుకుంటుంది. ఒకటి ఆ రచయిత కళ్లారా చూసింది, రెండోది చూసినదాన్నిబట్టి తేల్చింది. తేల్చినదానికి కాలం చెల్లిపోతుంది, అక్కడ మీ మిత్రుడి టైంటేబుల్ మాట సరిగ్గా అతుకుతుంది. చూసినదానికి అంత తొందరగా కాలం చెల్లదు. టాన్ నాలుగుసార్లు చెయ్యి విప్పడం, ఒక వేలు చూపడం ఈ రోజుకీ అంతే నిజం.

బ్రోకా విషయంలోనే చూడండి. ఆయన టాన్ మెదడుని ముక్కలు చెయ్యకుండా మొత్తంగా భద్రపరిచాడు. అందుకే నూటనలభై ఏళ్లు దాటాక కూడా పరిశోధకులు దాన్ని ఎం.ఆర్.ఐ. మెషీన్‌లో పెట్టి చూడగలిగారు. ఆ ఫలితాలు 2007లో అచ్చయ్యాయి. బ్రోకాకు పైపైన కనిపించినదానికంటే దెబ్బ చాలా లోతుకి వెళ్లింది, ముందు వెనక భాగాల్ని కలిపే నరాల కట్టలు కూడా తెగిపోయాయి. అంటే ఆయన వేలు పెట్టి చూపించిన ఆ ఒక్క ప్రాంతం వల్లే మాట పోయిందనడానికి లేదు. బ్రోకా తేల్చింది కొంత సడలింది. ఆయన చూసిందీ, దాచిందీ మాత్రం అక్కరకొచ్చాయి.

చదివేటప్పుడు పెన్సిల్ దగ్గర పెట్టుకోండి. రచయిత కళ్లతో చూసింది రాసినచోట మార్జిన్లో ఒక గీత, ‘కాబట్టి’ అన్నచోట ఇంకో రకం గీత. రెండో రకం గీతలే నిండిపోయిన పుస్తకాన్ని మొహమాటం లేకుండా మూసెయ్యొచ్చు.

బ్రోకాకి ముందుతరం జర్మన్ వైద్యుడు ఫ్రాంజ్ జోసెఫ్ గాల్‌ని ఈ గీతల్తో చదివితే బాగా తెలుస్తుంది. మెదడులో వేర్వేరు పనులకి వేర్వేరు చోట్లుంటాయన్నాడు. ఆ మాటలో పస ఉంది, బ్రోకాకి దారి వేసిన ఊహల్లో అదొకటి. కానీ ఆ తర్వాత పుర్రె మీది ఎత్తుపల్లాలు తడిమి మనిషి గుణం చెప్పొచ్చన్నాడు. మొత్తం 27 గుణాలకి 27 చోట్లు చూపించాడు. ఏ గుణం ఎక్కడుందో తేల్చడానికి, ఆ గుణం బాగా ఉన్నవాళ్ల తలలు తడమడం, తన ఊహకి సరిపోని తలకి ఏదో ఒక సాకు చెప్పడం. పందొమ్మిదో శతాబ్దంలో జనం దీన్ని ఎగబడి నమ్మారు. గాల్ సంపుటాలు మీరు చదవక్కర్లేదు, చరిత్ర పుస్తకంలో ఒక అధ్యాయం చాలు.

ఇంకో ప్రమాదం ఉంది, ఇది పాత పుస్తకాల వల్ల కాదు, వాటిని చదవకుండానే వాటి గురించి రాసిన కొత్త పుస్తకాల వల్ల వస్తుంది. ఫినియస్ గేజ్ కథ మీరు ఎక్కడో చదివే ఉంటారు. 1848 సెప్టెంబర్ 13న అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రం కేవెండిష్ దగ్గర రైలుమార్గం వేస్తుండగా మందుగుండు ముందే పేలింది. మూడడుగుల ఏడంగుళాల ఇనపకడ్డీ, బరువు పదమూడుంపావు పౌండ్లు, ఎడమచెంప కింద దూరి నడినెత్తి నుంచి బయటికి దూసుకుపోయింది. గేజ్ బతికాడు. ఆ తర్వాత తాగుబోతై, తగాదాకోరై, ఏ ఉద్యోగంలోనూ నిలవక తిరిగాడని ఎన్నో పుస్తకాలు రాశాయి. ఇప్పుడు వైద్యం చేసిన డాక్టరు జాన్ హార్లో ఏం రాశాడో తెరిచి చూడండి. 1848లో ఆయన రాసిన మొదటి వ్యాసంలో దాదాపు అంతా గాయమూ వైద్యమే. స్వభావం మారిందన్న సంగతి విడమరిచి చెప్పింది 1868 వ్యాసంలో, అదీ కాసిని పేరాల్లోనే. దురుసుతనం వచ్చిందనీ, ఒక ఆలోచన మీద నిలబడడనీ, స్నేహితులు ‘ఇతను మన గేజ్ కాదు’ అన్నారనీ రాశాడు. తాగుడు మాట లేదు. పైగా గేజ్ చిలీ దేశం వెళ్లి కొన్నేళ్లపాటు గుర్రపు బండ్లు తోలాడని ఆ వ్యాసమే చెబుతోంది. గుర్రాల్ని అదుపులో పెట్టడం, వేళకి బండి నడపడం, ప్రయాణికులతో నెగ్గుకురావడం ఏ పనికీ నిలవని మనిషి వల్ల అయ్యే పనేనా? ఆస్ట్రేలియా మనోవిజ్ఞాని మాల్కమ్ మెక్‌మిలన్ 2000లో ఈ చిలవలు పలవలన్నీ ఒక్కొక్కటిగా విప్పి పెద్ద పుస్తకమే రాశాడు. హార్లో 1868 వ్యాసం ఇరవై పేజీలే. మీకు లెక్కల ఉద్యోగం అన్నారు కాబట్టి చెబుతున్నా, అసలు రశీదు చూడకుండా మొత్తం రాసుకోకండి.

చూసింది కాస్త, తేల్చింది కొండంత అయితే ఏమవుతుందో ఎగాస్ మోనిజ్ చరిత్రలో ఉంది. పోర్చుగల్ వైద్యుడు. మానసిక రోగుల మెదడు ముందుభాగంలో నరాల్ని కోసే ఆపరేషన్ 1935లో మొదలుపెట్టాడు. మర్నాటి ఏడాది అచ్చువేసిన పుస్తకంలో 20 మంది రోగుల లెక్క ఉంది: ఏడుగురికి నయమైంది, ఏడుగురు మెరుగయ్యారు, ఆరుగురిలో మార్పు లేదు. అంకెలు చూడ్డానికి ముచ్చటగానే ఉన్నాయి. ఆపరేషన్ తర్వాత ఆ రోగుల్ని ఎంతకాలం గమనించాడో చూస్తే గుండె ఝల్లుమంటుంది, కొందరిని కొన్ని వారాలే. దాని మీద 1949లో నోబెల్ వచ్చింది. ఈలోగా అమెరికాలో వేలమందికి ఆ కత్తి పడింది. పాత పుస్తకాలు చదివితే ఏం లాభమని మీ మిత్రుడు మళ్లీ అడిగితే దీన్ని చెప్పండి.

ఇప్పుడు వరస. సంవత్సరాల వరసలో మాత్రం చదవకండి. అలా మొదలుపెట్టినవాళ్లు చాలామంది గ్రీకుల దగ్గరే అలిసిపోతారు. ఒక ప్రశ్న పట్టుకుని, దాని వెంట నడవండి. మీ ప్రశ్న మీ ఇంట్లోనే ఉంది: మాట ఎలా పోతుంది, పోయినప్పుడు ఇంకా ఏం మిగిలి ఉంటుంది?

దీనికి అన్నింటికంటే పాత కాగితం ఈజిప్టుది. ఎడ్విన్ స్మిత్ అనే అమెరికన్ 1862లో లక్సర్‌లో కొన్నాడు కాబట్టి ఆ పపైరస్‌కి అతని పేరే పడింది. సుమారు 3600 ఏళ్ల నాటి ప్రతి, అంతకుముందే ఉన్న గ్రంథానికి నకలు. 48 మంది దెబ్బలు తగిలిన మనుషుల వివరాలు తల నుంచి కిందికి వరసగా ఉంటాయి. ప్రతిదానికీ పరీక్ష, తర్వాత తీర్పు. తీర్పులు మూడే రకాలు: నేను నయం చేసే జబ్బు, నేను పోరాడి చూసే జబ్బు, చికిత్స లేని జబ్బు. కణత మీద దెబ్బ తగిలి మాట పడిపోయిన మనుషులూ అందులో ఉన్నారు. వాళ్లకి రాసిన తీర్పు మూడోదే. జేమ్స్ హెన్రీ బ్రెస్టెడ్ ఇంగ్లిష్‌లోకి తెచ్చి 1930లో అచ్చువేశాడు. ఆ కేసులు మాత్రం చదివి ముందుకి నడవండి.

తర్వాత బ్రోకా, జాక్సన్. ఆపైన జర్మన్ వైద్యుడు కార్ల్ వెర్నికె 1874లో రాసిన చిన్న పుస్తకం, అప్పటికాయనకి 26 ఏళ్లు. వెర్నికె చూసిన రోగుల తీరు టాన్‌కి పూర్తిగా తిరగబడింది. వాళ్లు గలగలా మాట్లాడేస్తారు, కానీ ఆ మాటలకి అర్థం ఉండదు, ఎదుటివాళ్లు చెప్పేదీ సరిగ్గా ఎక్కదు. దెబ్బ చెవికి దగ్గరగా, ఇంకా వెనకవైపు. పిచ్చి అని పొరపడటానికి వీలున్న మనుషులు వీళ్లు.

మీరు కొని తెరవని ఫ్రాయిడ్ కూడా ఈ దారిలోనే ఎదురవుతాడు, కానీ కలల పుస్తకంతో కాదు. 1891లో, ఇంకా నరాల డాక్టరుగా ఉన్న రోజుల్లో, అఫేజియా మీద ఒక పుస్తకం రాశాడు. వెర్నికె దారిలో నడిచినవాళ్లు మెదడులో గళ్లు గీసి, గడికీ గడికీ మధ్య తీగలు గీసి, ఏ తీగ తెగితే ఏ మాట పోతుందో చెప్పేస్తుంటే, ఫ్రాయిడ్ ఆ బొమ్మల్ని దుమ్ము దులిపేశాడు. మాట ఒక గడిలో ఉండదు, ఒక విశాలమైన ప్రాంతమంతా కలిసి చేసే పని అన్నాడు. జాక్సన్‌ని మెచ్చుకుంటూ రాశాడు. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. నన్నడిగితే ఆయన పుస్తకాల్లో పెన్సిల్ పరీక్షకి బాగా నిలబడేది ఇదే. కలల పుస్తకాన్ని తొందరపడి చదవక్కర్లేదు. అట్ట లోపల 1900 అని ఉంటుంది, నిజానికి 1899 నవంబర్‌లోనే వచ్చింది, మొదట వేసిన 600 ప్రతులు అమ్ముడవడానికి ఎనిమిదేళ్లు పట్టింది. అంతకాలం ఆగిన పుస్తకం మీ కోసం ఇంకొన్నాళ్లు ఆగగలదు.

ఈ వరసలో నేను మిమ్మల్ని తప్పనిసరిగా చదవమనేది రష్యన్ మనోవిజ్ఞాని అలెగ్జాండర్ లూరియా పుస్తకం, ‘ద మ్యాన్ విత్ ఎ షాటర్డ్ వరల్డ్’. ఇంగ్లిష్‌లో 1972లో వచ్చింది. జసెత్స్కీ అనే రష్యన్ సైనికుడికి 1943లో తలలోకి తూటా దిగింది. ఎడమవైపు వెనకభాగం దెబ్బతింది. మాటలు వెతుక్కోవాలి, అక్షరాలు గుర్తుపట్టలేడు, తన ఒంట్లో కుడివైపు ఉందో లేదో తెలియదు, ఉన్న గదిలోనే దారి తప్పుతాడు. అక్షరం అక్షరం కూడబలుక్కుని రాయబోతే ఒక్కటీ రాదు. ఒకరోజు ఒక డాక్టరు, ఆలోచించకుండా, చెయ్యి ఎత్తకుండా రాసెయ్యమన్నాడు. రాసేశాడు! చెయ్యికి గుర్తుంది, కంటికి లేదు. తను రాసింది తనే సరిగ్గా చదువుకోలేడు. అయినా పాతికేళ్లపాటు రాస్తూ పోయి మూడు వేల పేజీలు నింపాడు. ఒక్కోసారి ఒక మాట దొరకడానికి గంటలు పట్టేది. లూరియా ఆ రాతలోంచి ముక్కలు తీసుకుని, పక్కన తన వివరణ పెట్టి చిన్న పుస్తకం చేశాడు. రోగి గొంతు రోగి నోటే వినిపించే పాత పుస్తకాలు చాలా తక్కువ. బ్రోకా వ్యాసంలో టాన్ మనకి బయట నుంచే కనిపిస్తాడు. లోపల్నుంచి అది ఎలా ఉంటుందో కొంతైనా తెలియాలంటే జసెత్స్కీ దగ్గరికే వెళ్లాలి. ఒక్క మనవి: జసెత్స్కీ కష్టం వేరు, మీ నాన్నగారి కష్టం వేరు. రెండూ ఒకటేనని పోల్చుకుని బెంగపడకండి.

ఇది ముగిశాక వేరే ప్రశ్నలు వాటంతటవే పుడతాయి. జ్ఞాపకం గురించయితే జర్మన్ మనోవిజ్ఞాని హెర్మన్ ఎబింగ్‌హౌస్ 1885 పుస్తకం. అర్థం లేని అక్షరాల గుంపులు రెండు వేలకి పైగా తయారుచేసి, తనే బట్టీపట్టి, తనే మర్చిపోయి, మళ్లీ నేర్చుకోవడానికి ఎంత శ్రమ తగ్గిందో కొలిచాడు. గంటకి ఆ ఆదా 44 శాతానికి పడిపోయింది, నెల తర్వాత 21 శాతం. పరీక్షించిందీ, పరీక్షకి కూర్చున్నదీ ఒక్కడే, అయినా 2015లో అదే ప్రయోగం తిరిగి చేస్తే గీత ఇంచుమించు అలాగే వచ్చింది. లెక్కలంటే భయం లేని మీకు ఇది నచ్చుతుంది. నరకణాల గురించయితే స్పెయిన్ శాస్త్రవేత్త రామోన్ ఇ కహాల్ ఆత్మకథ, అల్లరి పిల్లవాడి కథగా మొదలవుతుంది. కణాలకి రంగెక్కించే పద్ధతి ఇటలీ శాస్త్రవేత్త గోల్జీది, దాంతో చూసి కణాలు విడివిడిగా ఉంటాయన్నది కహాల్. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ ఇస్తే, గోల్జీ తన ప్రసంగంలో కహాల్ సిద్ధాంతాన్నే ఖండించాడు. ఇంగ్లండ్ వైద్యుడు థామస్ విల్లిస్ మెదడు నిర్మాణం మీద రాసిన 1664 గ్రంథాన్ని చదవకపోయినా బొమ్మలు తప్పక చూడండి, వాటిలో కొన్ని గీసింది తర్వాత లండన్ సెయింట్ పాల్స్ చర్చి కట్టిన క్రిస్టఫర్ రెన్.

ఇక జేమ్స్. డెబ్భై పేజీల దగ్గర ఆగారంటే మీ తప్పేమీ లేదు. ఆ మొదటి అధ్యాయాలు 1890 నాటి మెదడు శాస్త్రం, జేమ్స్ పుస్తకంలో ఎక్కువ పాతబడింది ఆ భాగమే. పబ్లిషర్‌తో ఒప్పందం 1878లో, పుస్తకం చేతికిచ్చింది పన్నెండేళ్లకి. ఇచ్చేటప్పుడు ఆయనే విసిగిపోయి, ఇది ఉబ్బిపోయిన ముద్ద, దీనివల్ల రుజువయ్యేవి రెండే, మనోవిజ్ఞానమనే శాస్త్రం లేదని ఒకటి, నేను చేతకానివాణ్ణని రెండు అని ఉత్తరం రాశాడు. కాబట్టి ఆయన్ని మరీ భక్తిగా చదవక్కర్లేదు. మీ సంపుటాల్లోనే అలవాటు మీద ఉన్న నాలుగో అధ్యాయం, ఆలోచనా ప్రవాహం మీద తొమ్మిదోది, ధ్యాస మీద పదకొండోది చదివి చూడండి. తన మనసులో జరిగేదాన్ని అంత దగ్గరగా గమనించి రాసినవాళ్లు అరుదు. మొత్తం కావాలనిపిస్తే 1892లో ఆయనే కుదించి వేసిన ‘బ్రీఫర్ కోర్స్’ ఉంది. పెద్దదాన్ని ‘జేమ్స్’ అనీ, చిన్నదాన్ని ‘జిమ్మీ’ అనీ అప్పటి విద్యార్థులు పిలుచుకునేవాళ్లు. జిమ్మీతో కానివ్వండి.

వీటన్నిటి పక్కనా ఒక కొత్త చరిత్ర పుస్తకం ఉంచుకోవాలి, లేకపోతే ఏది నిలిచిందో ఏది పోయిందో తెలియదు. స్టాన్లీ ఫింగర్ ‘మైండ్స్ బిహైండ్ ద బ్రెయిన్’ గానీ, మాథ్యూ కాబ్ 2020లో రాసిన ‘ది ఐడియా ఆఫ్ ద బ్రెయిన్’ గానీ, రెండిట్లో ఒకటి చాలు. ఫింగర్ మనిషికో అధ్యాయం చొప్పున నడుపుతాడు, మీకు అదే సులువు.

డబ్బు పెట్టి కొనడానికి తొందరపడకండి. ఇక్కడ చెప్పిన పాతవాటిలో చాలావాటికి కాపీరైట్ తీరిపోయింది, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో స్కాన్లు ఉచితంగా దొరుకుతాయి. బ్రోకా వ్యాసానికీ, ఎబింగ్‌హౌస్‌కీ, జేమ్స్‌కీ ఇంగ్లిష్ పాఠాలు కెనడాలోని యార్క్ యూనివర్సిటీకి చెందిన క్రిస్టఫర్ గ్రీన్ పెట్టిన ‘క్లాసిక్స్ ఇన్ ద హిస్టరీ ఆఫ్ సైకాలజీ’ సైట్లో శుభ్రంగా ఉన్నాయి. లూరియాది మాత్రం కొనాలి, లేదా లైబ్రరీలో అడగాలి. ఆర్డరిస్తే ముద్రించి పంపే చవక ప్రతులతో జాగ్రత్త. వాటిలో బొమ్మలు ఎగిరిపోతాయి, పేజీలు ఎగిరిపోతాయి, మెషీన్ తప్పుగా చదివిన అక్షరాలు అలాగే అచ్చవుతాయి. మొదట బ్రోకా వ్యాసం ప్రింట్ తీసుకోండి. అందులో టాన్ చెయ్యి విప్పిన పేరా, తోటి రోగులు అతన్ని ఏమనుకునేవాళ్లో చెప్పిన పేరా, ఈ రెండూ తెలుగులో చెప్పి అమ్మగారికి వినిపించండి. నాన్నగారు గదిలో ఉన్నప్పుడు వద్దు. ఆయనకి అన్నీ అర్థమవుతాయని మీరే రాశారుగా.